ఉగాది స్కిట్‌లో నర్సు

నాకు కుదురు లేదని మా ఆయన అంటాడు. నిజమే. కోపం వచ్చినా, భయం వేసినా, ఏ సంగతీ ఎటూ తేలకపోయినా నేను ఒకచోట కూర్చోలేను. వంటింట్లో ప్రెస్ తలుపులు తీసి, డబ్బాలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్ళీ పైకి సర్దుతాను. అలమారను ప్రెస్ అనడం ఐర్లండ్ వచ్చాక అంటుకున్న అలవాటు. ఆ ఉగాదికి ముందు మా ఇంట్లో కందిపప్పు డబ్బా ఎన్ని అరలు మారిందో నాకే తెలియదు. అందరూ కాసేపు నవ్వుకోవడానికి రాసుకున్న ఒక స్కిట్ వల్ల అదంతా.

నేను లిమరిక్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుని. మా ఆయన షానన్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మాకు ఒక్కతే కూతురు. చంకలో బిడ్డగా ఉన్నప్పుడు ఈ దేశం తీసుకొచ్చాం, ఇప్పుడు నాకంటే పొడుగైంది. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి. తిట్టినా అర్థమవుతుంది, పక్కింటివాళ్ళ గురించి మేం గుసగుసలాడుకున్నా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ లిమరిక్ యాసలో. "అన్నం పెట్టనా?" అంటే "ఐయామ్ గ్రాండ్" అంటుంది, అంటే అక్కర్లేదని. బతిమాలి చూశాను, బెదిరించి చూశాను, సండే స్కూల్లో తెలుగు పాటలు నేర్పించి చూశాను. పాట ఆగగానే మళ్ళీ ఇంగ్లీషే. నాకు ప్రాణం ఉసూరుమనేది. నేను పోయాక ఇది నన్ను ఏ భాషలో తలుచుకుంటుందా అని ఒక్కోసారి పిచ్చి ఆలోచన వచ్చేది.

దానికి ఉన్న పిచ్చల్లా నటన. స్కూలు నాటకంలో ఒక పల్లెటూరి ఐరిష్ ముసలమ్మ వేషం ఇచ్చారు. నల్లగా ఉన్న మా పిల్లకి ఆ వేషం ఏమిటా అని నేను లోపల కంగారుపడ్డాను. అదేమో పక్కింటి పెద్దావిడ దగ్గరకెళ్ళి గంటలకొద్దీ కూర్చునేది. ఆవిడ టీ తువాలు ఎలా మడుస్తుంది, కుర్చీలోంచి లేచేముందు మోకాళ్ళ మీద చేతులెలా ఆనిస్తుంది, ఊపిరి లోపలికి పీలుస్తూ 'అవును' ఎలా అంటుంది, అన్నీ పట్టేసింది. నాటకం రోజు ఒక పాత టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, నీ కూతురిలో మా అమ్మను చూశానంది. ఆ పక్కింటావిడ కూడా ముందు వరుసలో కూర్చుని, తనను తాను గుర్తుపట్టి, తెగ మురిసిపోయింది.

ఇక ఆ స్కిట్ రాసిన మనిషి. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. వాళ్ళది కరీంనగర్ వైపు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసులో నాకంటే చిన్న. నన్ను అక్కా అని పిలుస్తుంది, ఆ పిలుపులో ఏ మాత్రం కల్తీ లేదు. నా కూతురు చిన్నప్పుడు, నాకు ఉదయం డ్యూటీలు పడితే దాన్ని స్కూల్లో దింపింది ఆమే. ఆమె రెండో కాన్పుకి ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని కూర్చుంది నేను. వాళ్ళింట్లో బతుకమ్మకి నేను పూలు తెంపి ఇస్తాను, మా ఇంట్లో క్రిస్మస్‌కి ఆమె కేకు మీద జీడిపప్పు అద్దుతుంది. ఏటా ఉగాదికి లిమరిక్, షానన్, కార్క్ వైపు తెలుగువాళ్ళందరం ఒక హాలులో కలుస్తాం. స్కిట్ రాసేదీ ఆడించేదీ ఆమే. ఆ ఏడు హాలు కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో దొరికింది.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చి, ఈసారి ఆస్పత్రి స్కిట్ అనీ, అందులో మా పిల్ల కావాలనీ అడిగింది. నేను పిల్ల వైపు చూశాను. ఇది ఏ తెలుగు కార్యక్రమానికి పిలిచినా మొహం చిట్లించే పిల్ల. "యా, ఓకే" అంది! స్టేజీ అంటే చాలు దానికి. నాకు మాత్రం స్టేజీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడుతుంది, అంతే చాలు. ఆ సంతోషంలో నా స్నేహితురాలికి రెండోసారి టీ పెట్టి, అడక్కుండానే పకోడీలు వేశాను. ఏ వేషం అని అడిగితే నర్సు వేషం అంది. ఇంట్లోనే నర్సుంది కదా, ఇంకేం అనుకున్నాను.

రెండ్రోజుల తర్వాత నేను వంటింట్లో ఉండగా పై గదిలోంచి ఒక గొంతు వినపడింది. "ఓ జీసస్! ఏం మ్యాన్, ఏడుస్తావ్ ఏం మ్యాన్? ఇంజక్షన్ ఇస్తా మ్యాన్!" ఎవరో టీవీ పెట్టారనుకున్నాను. మెట్లెక్కి చూస్తే అద్దం ముందు మా పిల్ల. నడుం మీద ఒక చెయ్యి, ఇంకో చెయ్యి నుదుటి మీంచి గుండెకీ, ఒక భుజం మీంచి ఇంకో భుజానికీ సిలువ గుర్తు వేస్తోంది. నన్ను చూసి సిగ్గుపడకుండా నవ్వింది. "అమ్మా, ఈజ్ ఇట్ గుడ్?" అని అడిగి, 'ఏడుస్తావ్' అనే మాట సరిగ్గా పలకడం లేదు, నేర్పమంది.

నేర్పాను! ఏం చేయమంటారు? ఇన్నేళ్ళలో అది నన్ను ఒక తెలుగు మాట నేర్పమని అడగడం అదే మొదలు. మంచం మీద పక్కన కూర్చుని, నాలుక ఎక్కడ ఆనాలో చూపించి, ఆ మాట నేర్పాను. తర్వాత కిందికొచ్చి ప్రెస్‌లో డబ్బాలన్నీ దించాను.

మా అమ్మ గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసింది. తెల్ల చీర, తెల్ల జాకెట్టు, జడని చుట్టి ముడి. గౌనెప్పుడూ వేసుకోలేదు. ఎవర్నీ 'మ్యాన్' అనలేదు. సినిమాల్లో మా క్రైస్తవుల్ని చూపిస్తే విరిగిన తెలుగు మాట్లాడిస్తారు, కానీ మా ఇళ్ళలో విరిగిన తెలుగు ఎక్కడుంది? ఉన్నదల్లా మరీ పాత బైబిలు తెలుగు. కృప, చిత్తము, స్తోత్రము, సమాధానము. మా అమ్మ రోగి మంచం దగ్గర నిలబడి ప్రార్థన చేస్తే పెద్ద చదువులు చదివిన డాక్టర్లు కూడా ఆ మాటల కోసం ఆగేవాళ్ళు. ఇక సిలువ గుర్తు సంగతి, మేం బాప్టిస్టులం. ఆ గుర్తు వేసుకునేది క్యాథలిక్కులు. ఇక్కడ బస్సు సమాధుల దొడ్డి దాటుతుంటే ముసలివాళ్ళు వేసుకుంటారు. మా చర్చిలో ఎవరూ వేసుకోరు. తెలుగు సినిమా తీసేవాళ్ళకి ఆ తేడా తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు.

నా చిన్నప్పుడు ఒకసారి మా అమ్మతో సినిమాకెళ్ళాను. తెర మీద నర్సు రాగానే హాలంతా ఈలలు. పొట్టి గౌను, మెడలో జానెడు సిలువ, కాంపౌండరుతో సరసం. మా అమ్మ పమిట భుజం మీదికి లాక్కుని, తెర వైపు చూడ్డం మానేసి, కింద నేల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాతి వారంలో ఆస్పత్రి గేటు దగ్గర కుర్రాళ్ళు ఎవరో ఆమెను చూసి ఆ సినిమా మాటే అరిచారు. అప్పట్నుంచి సినిమాకి వెళ్దామంటే తలనొప్పిగా ఉందనేది. నేను ఆ తలనొప్పిని చాలా ఏళ్ళు నిజమనుకున్నాను.

సరే, నేను ఆస్పత్రిలో కూడా స్థిమితంగా లేను. ఆ రోజుల్లోనే నా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది. క్లేర్ వైపు పల్లెటూరు. కొడుకు చూడ్డానికొచ్చాడు. టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. ఐర్లండ్ గురించి బయటివాళ్ళు తీసింది. గడ్డి కప్పుల ఇళ్ళు, గాడిదలు, తాగి కొట్టుకునే ఎర్రజుట్టు మగవాళ్ళు, అందరూ మాటకి ముందొక పాట పాడతారు. కొడుకు మొహం కందగడ్డ అయింది. మన యాస కూడా వాళ్ళకి రాదు, మనమేమన్నా కోతులమా అని రిమోట్ లాక్కున్నాడు. పెద్దావిడ మంచంలోంచే, "పెట్టరా వెధవా, ఆ తాగుబోతు అచ్చం మీ మేనమామే" అన్నట్టు ఏదో అని పగలబడి నవ్వింది. కొడుకు నవ్వలేదు. లండన్‌లో పనిచేసినప్పుడు నన్ను ఆ తాగుబోతు పేరుతోనే పిలిచేవాళ్ళమ్మా, అన్నాడు. ఆవిడ నవ్వు ఆపేసింది. నేను ఆవిడ బీపీ చూస్తూ నిలబడ్డాను. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పమంటే చెప్పలేను. కొడుకు పక్షాన ఉండాలని మనసు లాగింది, కానీ అంతకు ముందు రోజుల్లో ఆవిడ అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

ఆ సాయంత్రమే రిహార్సల్. నా స్నేహితురాలి హాల్లో సోఫాలు గోడకి జరిపి ఆడుతున్నారు. నేను పిల్లని దింపి వెళ్ళిపోకుండా లోపలికెళ్ళాను. సోఫా మీద ఒక కవరు, అందులో వేషాలమ్మే షాపులో కొన్న నర్సు గౌను. మోకాళ్ళ పైకి ఉంది. పక్కనే అట్టముక్కతో చేసి వెండి కాగితం చుట్టిన సిలువ. నేను నా స్నేహితురాల్ని వంటింట్లోకి పిలిచాను.

"ఇదేంటమ్మా? నర్సులు ఇలా ఉంటారా? నువ్వు నన్నెప్పుడూ చూడనట్టు!"

"అయ్యో అక్కా, స్కిట్ గద! జర నవ్వుకుంటరు, గంతే. నిన్ను అన్నట్టా?"

"నర్సయితే నర్సులాగే పెట్టు. ఆ జీసస్సు, ఆ మ్యాను, ఆ సిలువ గుర్తు ఎందుకు? మేం ఆ గుర్తే వేసుకోం."

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "వేస్కోరా? మరి అవన్నీ తీసేస్తే క్రిస్టియన్ అని ఎట్ల తెలుస్తది అక్కా?"

"తెలియడం దేనికి?"

ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. పైకి అని ఉంటే 'తెలియకపోతే నవ్వెక్కడిది' అనేది. అది ఆమె నోటంట రాకపోయినా ఇద్దరికీ వినపడింది. నాకు కోపం ఆగలేదు.

"నువ్వొచ్చిన మొదటి ఏడు వాళ్ళు నీకు పనిమనిషి వేషం ఇస్తామంటే నువ్వేమన్నావో మర్చిపోయావా? నా తెలంగాణ మాట వినంగనే వీళ్ళకి పనిమనిషే యాదికొస్తదా, సినిమాలల్ల చూసి చూసి గట్లయిన్రు అని మా ఇంట్లో కూర్చుని ఏడవలేదూ? మరి నాకు మాత్రం ఉండదా?"

ఆమె మొహం ముడుచుకుపోయింది. "అది వేరే అక్కా" అంది మెల్లగా. పొయ్యి మీద టీ పొంగింది. ఇద్దరం ఒకేసారి గుడ్డ కోసం చెయ్యి చాపాం. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళకి తగిలింది, అయినా ఎవరం నవ్వలేదు.

ఆమె మంచిది. అందుకే నాకు ఇంకా కష్టం. చెడ్డదైతే నాలుగు మాటలని తలుపేసుకుని వచ్చేదాన్ని. ఆమె హాల్లోకెళ్ళి అందరి ముందూ జీసస్సునీ మ్యానునీ కొట్టేసింది, అట్ట సిలువ చెత్తబుట్టలో పడేసింది, గౌను వెనక్కి పంపుతానంది. నన్ను సలహాదారుగా ఉండమంది. నేను ఇంటికెళ్ళి, డ్యూటీలో వేసుకునే నా పాత ట్యూనిక్, ప్యాంటు తెచ్చి పిల్లకిచ్చాను. ఇంజక్షన్ అలా పొడవకూడదని, రోగి పేరు ముందు అడగాలని, చేతులు ముందు కడగాలని చెప్పాను. స్కిట్ మళ్ళీ మొదట్నుంచి ఆడారు. ఎవరూ నవ్వలేదు. రోగి వేషం వేసిన అతను, చాలా మర్యాదస్తుడు, నా వైపు చూసి దగ్గాడు. నా కూతురు గది మధ్యలో నా ట్యూనిక్ వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

కారులో నా మీద విరుచుకుపడింది. మొత్తం ఇంగ్లీషే. నువ్వొచ్చి అంతా చప్పగా చేసేశావు, అక్కడ ఆడటానికి నాకిప్పుడు ఏం మిగిలింది, నేను రాను, ఆంటీకి ఫోన్ చేసి చెప్పెయ్, అంది. ఇన్నేళ్ళకి తెలుగు గుమ్మం దాకా వచ్చిన పిల్లని నా చేత్తో నేనే వెనక్కి నెట్టేశానా? ఆ మాటలు తప్పుడు మాటలే, కానీ దాని నోట్లో ఉన్న తెలుగు అవే కదా. మా అమ్మ పరువు కోసం నా పిల్ల తెలుగు పోగొట్టుకోవాలా? ఎర్ర లైటు దగ్గర ఆగి, వెనక వాడు హారన్ కొట్టేదాకా పచ్చ లైటు చూడలేదు.

"స్కూల్లో ముసలమ్మ వేషానికి ఎవర్నన్నా సినిమాలో చూసి చేశావా?" అన్నాను. "పక్కింటావిడని చూసి చేశావు కదా. ఇదీ అలాగే చెయ్. నిజంగా ఎలా ఉంటుందో చూసి చెయ్."

ఆంటీకి ఫోన్ చెయ్యమని అది మళ్ళీ అడగలేదు.

మర్నాటి నుంచి నన్ను చూడ్డం మొదలుపెట్టింది. అది ఎంత ఇబ్బందిగా ఉంటుందో ముందు తెలియలేదు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పి మడమ నొక్కుకుంటుంటే ఎదురుగా రెండు కళ్ళు. ఇండియా ఫోన్ వస్తే నా గొంతు పెద్దదవుతుందట, అది చూస్తుంది. అన్నం తింటూ నిద్రలో తూలుతుంటే చూస్తుంది. ఏమిటే అంటే "నథింగ్." నేను నా ఇంట్లోనే సర్దుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. ఒకళ్ళు మనల్ని అలా పట్టి పట్టి చూస్తుంటే, ప్రేమగా చూసినా సరే, మన చేతులు మనవి కానట్టుంటాయి. మధ్యలో ఒకటి రెండు మాటలు అడిగేది. 'కటువుగా' అంటే ఏంటి? 'వణకడం' ఎలా పలకాలి? ఎక్కడ విందో అడక్కుండా సంతోషంగా చెప్పేదాన్ని. నా స్నేహితురాలు ఫోన్ చేసి, "బిడ్డ మొదటి సీను తనే చేసుకుంటనన్నదక్కా, మంచిగున్నది, నేను చెయ్యి పెడ్తలేను" అంది. మా ఇద్దరి మధ్యా వంటింట్లో జరిగిన దాని ఊసు మళ్ళీ రాలేదు.

ఉగాది రోజు గాలీ వానా. మా ఆయనకి డ్యూటీ ఉంది, నేనూ పిల్లా కారులో బాలింకాలిగ్ వెళ్ళాం. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద కుంకుమ భరిణె, గంధం, పన్నీరు బుడ్డి. వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి లోపలికి పంపుతున్నారు. మా చర్చిలో బొట్టు పెట్టుకోం. ఏటా నేను వచ్చే వేళకి నా స్నేహితురాలు ఎక్కడున్నా పరుగున వచ్చి ఆ బల్ల దగ్గర నిలబడుతుంది. ఎవరూ నా నుదుటికి చెయ్యి చాపక ముందే నా చేతిలో ఒక గులాబీ, కలకండ ముక్క పెట్టి, ఏదో మాట కలిపి లోపలికి తీసుకుపోతుంది. నన్ను వద్దనిపించదు, వాళ్ళని చిన్నబుచ్చదు. ఆ రోజూ అలాగే చేసింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని స్టేజీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆ గులాబీ పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. నా పక్కన మా చర్చి ఆడవాళ్ళు ఇద్దరు.

పాటలయ్యాయి, చిన్నపిల్లల డాన్సులయ్యాయి. తెర తీశారు.

నా కూతురు నా ట్యూనిక్‌లో వచ్చింది. ముందు కుర్చీలో కూర్చుని బూటు విప్పి మడమ నొక్కుకుని, "అమ్మా" అని నిట్టూర్చింది. నా నిట్టూర్పే. హాలు నవ్వింది. మా చర్చి ఆవిడ నా మోచేతి మీద తట్టి "అచ్చం నువ్వేనమ్మా!" అంది. పిల్ల ఫోన్ తీసి ఇండియాతో మాట్లాడినట్టు గొంతు పెంచింది. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. తెలుగు గలగలా వస్తోంది దాని నోట్లోంచి, కొంచెం లిమరిక్ సాగదీతతో. నా ఒళ్ళు పులకరించింది. ఇదిగో, చూడండి, విరిగిన తెలుగు కాదు, మా ఇంటి తెలుగు, అని అరవాలనిపించింది.

అప్పుడది బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద రెండు చేతులూ ఆనించింది. కళ్ళు మూసుకుంది.

డ్యూటీకి మా ఆయన నన్ను దింపేటప్పుడు, కారు ఆస్పత్రి గేటు దగ్గర ఆగాక, నేను దిగేముందు కాస్సేపు కళ్ళు మూసుకుంటాను. పిల్ల వెనక సీట్లో స్కూలు బ్యాగుతో ఉంటుంది. అప్పుడు నేను మనసులోనే ప్రార్థన చేసుకుంటాననుకునేదాన్ని. పెదవులు కదిపి పైకే అంటానని నాకు తెలియదు.

"ప్రభువా," అంది నా కూతురు స్టేజీ మీద, "ఈ పూట నా చేతికి వచ్చే ప్రతివాళ్ళూ నీ బిడ్డలే. నా చేతులు వణకనియ్యకు. నా నోట కటువైన మాట రానియ్యకు..."

హాలు బద్దలైంది. అంత నవ్వు ఆ సాయంత్రం దేనికీ రాలేదు. నర్సు వేషం, కళ్ళు మూసుకుని 'ప్రభువా' అంటోంది, ఇక కామెడీ మొదలైందని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక వరుసల్లోంచి ఎవరో ఈల వేశారు. ఇంకెవరో ఆ పాత సినిమా గొంతుతో "ప్రైజ్ ద లార్డ్ మ్యాన్!" అని అరిచారు. దానికి ఇంకో నవ్వు. నా పక్కనున్న మా చర్చి ఆవిడ కూడా అలవాటుగా నవ్వడం మొదలుపెట్టి, సగంలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నా కూతురు కళ్ళు తెరిచింది. దానికి అర్థం కాలేదు. వినపడలేదేమో అనుకుంది కాబోలు, గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టింది. "ప్రభువా..." నవ్వు రెట్టింపైంది. అది నా కోసం హాల్లో వెతికింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాను. స్టేజీ పక్క తెర దగ్గర నా స్నేహితురాలు నన్నే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను లేచి ఏమనాలి? నవ్వకండి అనాలా? పండగపూట, అందరి ముందూ, మా పిల్ల మొదటిసారి తెలుగు స్టేజీ ఎక్కిన రోజున? కూర్చున్నాను. నా కూతురు నన్ను చూసింది, నేను కూర్చోవడం కూడా చూసింది. తర్వాత దాని మొహంలో ఏదో ఆరిపోయింది. గబగబా లేచి, ఇంజక్షన్ సీనులోకి వెళ్ళిపోయి, రోగిని పరిగెత్తించి, నవ్వించి, దండం పెట్టి లోపలికెళ్ళింది. చప్పట్లు మోగాయి.

భోజనాల దగ్గర అందరూ నన్ను మెచ్చుకున్నారు. మీ అమ్మాయి ఇరగదీసిందండీ, ఆ ప్రార్థన సీనైతే హైలైట్ అన్నారు. థాంక్సండీ, థాంక్సండీ అంటూ బొబ్బట్టు ముక్క చేతిలో పట్టుకుని బల్లల మధ్య తిరిగాను. నా స్నేహితురాలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "అక్కా, నేను గట్లయితదనుకోలే. నిజంగ అనుకోలే" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె రాసిన సీను కాదు కదా. నిజంగా ఉన్నట్టు చెయ్యమని చెప్పింది నేను, చేసింది నా పిల్ల, నవ్వింది మన తెలుగువాళ్ళు. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికితే బాగుండేది.

తిరుగు దారిలో వాన పెద్దదైంది. మాలో అనే ఊరు దాటేదాకా పిల్ల కిటికీలోంచే చూస్తోంది. నా ట్యూనిక్ ఇంకా విప్పలేదు, పైన కోటు వేసుకుంది. నేను హీటరు పెంచాను, తగ్గించాను, రేడియో పెట్టాను, ఆపాను.

"అమ్మా," అంది. "వాళ్ళు ఎందుకు నవ్వారు?"

తెలుగులో అడిగింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట, ఇలాగా రావాలి?

"వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు నాన్నా," అన్నాను. "చిన్నప్పట్నుంచి సినిమాల్లో అలా చూశారు. మన చర్చివాళ్ళు ప్రార్థన చేస్తే నవ్వాలని అలవాటైపోయింది. నువ్వు నిజంగా చేస్తున్నావని వాళ్ళకి తెలియలేదు."

"వాళ్ళకి నువ్వు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి?"

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చార్లెవిల్ వీధి దీపాలు వచ్చాయి.

"నీకు తెలుసు అది నిజం అని," అంది. మాట మాటకీ ఆగి, వెతుక్కుని, జాగ్రత్తగా పేరుస్తోంది. "నువ్వు లేచావు. మళ్ళీ కూర్చున్నావు. ఎందుకు?"

"భయమేసింది," అన్నాను. దాని దగ్గర అబద్ధం చెప్పాలనిపించలేదు. "గొడవ చేస్తే నీకు ఇదంతా విసుగు పుడుతుందని. ఇంకెప్పుడూ తెలుగు వాళ్ళ దగ్గరికి రావేమోనని."

ఊరు దాటింది, దీపాలు అయిపోయాయి.

"నేను ఇంక రాను అమ్మా," అంది. ఒక్క ఇంగ్లీషు మాట లేదు, ఎక్కడా తడుముకోలేదు. ఇంగ్లీషులో అని ఉంటే ఎలాగోలా సర్దిచెప్పేదాన్ని.